లెన్సులో గలగల, వ్యూఫైండర్లో గంతు: స్టెబిలైజేషన్‌కు ఏది సహజం, ఏది జబ్బు

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టున ఎర్రకాళ్ల కొంగల కోసం నిలబడి ఉన్నాను. పక్కనున్న కుర్రాడు బ్యాగులోంచి 70-300 లెన్సు తీసి నా చెవి దగ్గర ఊపాడు. "అన్నా, వినండి. లోపల ఏదో ఊడిపోయినట్టుంది. నిన్ననే సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. మోసపోయానంటారా?" లోపల నిజంగానే ఏదో గలగలలాడింది. "తమ్ముడూ, ముందు ఊపడం ఆపు. కెమెరాకు తగిలించి ఆన్ చెయ్యి" అన్నాను. ఆన్ చేశాక మెల్లగా వంచి చూశాడు. చప్పుడు లేదు.

చేతి వణుకుకు ఫోటో చెదరకుండా చూసే స్టెబిలైజేషన్ అనే ఏర్పాటు కొన్ని లెన్సుల్లో ఉంటుంది. ఆ చప్పుడు దానిదే. ఏడెనిమిదేళ్ల కిందట ఇదే చప్పుడు విని నేనూ భయపడ్డాను. మాఘమాసం పెళ్లిళ్ల మధ్యలో లెన్సును రిపేరుకు పంపాను. మూడు వారాలు అరువు లెన్సుతో పని నడిపాను. చివరికి "లోపం ఏమీ లేదు" అన్న చీటీతో, పరీక్ష చేసినందుకు బిల్లుతో లెన్సు తిరిగొచ్చింది. ఆ మూడు వారాలు ఇంకెవరికీ పోకూడదని ఇది రాస్తున్నాను. గుంటూరు, విజయవాడల్లో కెమెరా పట్టుకున్న కుర్రాళ్లలో చాలామంది మొదటి మంచి లెన్సును సెకండ్ హ్యాండ్‌లోనే కొంటారు. తాడును చూసి పాము అనుకుని మంచి లెన్సును నష్టానికి అమ్ముకున్నవాళ్లను నేను చూశాను. నిజంగా పాడైన లెన్సును "ఇవన్నీ ఇంతేలే" అనుకుని పెళ్లికి తీసుకెళ్లినవాళ్లనూ చూశాను. ఇద్దరికీ చెప్పేది ఒకటే. లెన్సు బాగుందో లేదో ఫోటోను చూసి తేల్చండి, చెవిని నమ్మి తేల్చకండి. అందుకు ఏ వరసలో చూడాలో కింద రాస్తున్నాను.

లోపల జరిగేది ముందు తెలియాలి

నెత్తిన నీళ్ల బిందెతో నడిచే మనిషిని తలచుకోండి. అడుగులు ఎత్తుపల్లాల మీద పడుతున్నా మెడ ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది, నీళ్లు తొణకవు. స్టెబిలైజేషన్ ఉన్న లెన్సులో ఆ మెడ చేసే పనిని ఒక చిన్న గాజు గుంపు చేస్తుంది. కెమెరా ముందు భాగం పైకీ కిందకీ ఎంత వేగంగా వంగుతోందో ఒక గైరో సెన్సర్ కొలుస్తుంది. కుడికీ ఎడమకీ తిరిగేది ఇంకొకటి కొలుస్తుంది. ఆ లెక్కను లెన్సులోని చిప్పు అందుకుంటుంది. అయస్కాంతం, తీగచుట్ట కలిసిన చిన్న మోటార్లతో ఆ గాజు గుంపును అడ్డంగానో నిలువుగానో ఎదురు దిశకు జరుపుతుంది. చెయ్యి వణికినా, కెమెరాలో ఫోటోను పట్టే సెన్సర్ మీద పడే బొమ్మ దాదాపు ఒకేచోట నిలుస్తుంది.

ఇది కొత్త పరిజ్ఞానమేమీ కాదు. నికాన్ 1994లో జూమ్ 700వీఆర్ అనే ఫిల్మ్ కెమెరాలో పెట్టింది. మరుసటి ఏడాది, 1995లో, కానన్ తన 75-300 ఎంఎం లెన్సులో పెట్టి, లెన్సులు మార్చుకోగల ఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లకు అందించింది. అప్పటి నుంచీ దీని వింతలు కూడా దీనితోపాటే ఉన్నాయి.

ఆ గాజు గుంపు ఎటైనా కదలగలగాలి. కదలాలంటే వదులుగా ఉండాలి. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) కాలం లెన్సుల్లో చాలావాటికి, పని లేనప్పుడు ఆ గుంపును మధ్యలో పట్టి ఉంచే తాళం లాంటి ఏర్పాటు ఉంటుంది. అది పడేటప్పుడూ తీసేటప్పుడూ "టక్" మంటుంది. ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల లెన్సుల్లో చాలావాటికి ఆ తాళం లేదు. కరెంటు ఉన్నంతసేపు అయస్కాంత బలమే గుంపును మధ్యలో నిలుపుతుంది, కరెంటు పోతే గుంపు కిందకు వాలుతుంది. గలగలకు, గంతుకు, టక్కుకు మూలం ఇదే. ఇది మనసులో ఉంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మెట్టు 1: మీ దగ్గర ఉన్నది ఏదో చూసుకోండి

ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. కానన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్ అంటుంది. సిగ్మాది ఓఎస్, టామ్రాన్‌ది వీసీ, సోనీది ఓఎస్‌ఎస్, ఫూజీ, పానసోనిక్‌లది ఓఐఎస్. లెన్సు గొట్టం మీద ఈ అక్షరాలు లేకపోతే ఆ లెన్సులో స్టెబిలైజేషన్ లేదని అర్థం. మనవాళ్లు ఎక్కువగా కొనే 50 ఎంఎం 1.8 లెన్సుల్లో చాలావాటికి ఉండదు.

ఇప్పుడు చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సరే కదిలే ఏర్పాటు ఉంటోంది. ఇలాంటి కెమెరాను ఆఫ్ చేసి వంచితే చప్పుడు లెన్సులోంచి కాక బాడీలోంచి రావచ్చు. లెన్సు తీసేసి, బాడీకి మూత పెట్టి, మెల్లగా వంచితే ఎక్కడిదో తేలిపోతుంది. సెన్సరు కదలడం కూడా సహజమే. ఆన్‌లో ఉన్నప్పుడు సన్నని గుంయ్ మనే శబ్దం వినిపించడమూ అంతే.

మెట్టు 2: ఇల్లు సద్దుమణిగాక వినండి

విజయవాడ బీసెంట్ రోడ్డులో నిలబడి లెన్సు చప్పుడు వినలేం. రాత్రి ఫ్యాన్ కట్టేసి, కిటికీ మూసి కూర్చోండి. లెన్సు మీది స్టెబిలైజేషన్ స్విచ్ ఆన్ చేసి, షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకోండి.

మొదట చిన్న టక్. తరువాత శంఖం చెవికి ఆనించుకుంటే వినిపించేటంత సన్నని హోరు, లేదా గుర్రుమనే శబ్దం. బటన్ వదిలాక కొన్ని సెకన్లకు ఇంకో టక్. ఈ మూడూ ఆరోగ్యంగా ఉన్న లెన్సు చేసే చప్పుళ్లే. కొన్ని లెన్సులు మరీ నిశ్శబ్దంగా ఉంటాయి, కొన్ని పాతవి పక్కవాడికి వినిపించేంత గట్టిగా గుర్రుమంటాయి. ఒకే మోడల్ లెన్సులు రెండు తెచ్చినా చప్పుడులో కొంచెం తేడా ఉంటుంది.

బటన్ వదిలిన వెంటనే హోరు ఆగదు. చాలామంది ఇక్కడే "ఆఫ్ అవ్వట్లేదు" అని కంగారుపడతారు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరింగ్ మేలుకుని ఉన్నంతసేపూ స్టెబిలైజేషన్ కూడా నడవచ్చు. చెయ్యి తీశాక కూడా వ్యూఫైండర్లో అంకెలు కాసేపు వెలుగుతుంటాయే, అంతసేపు. మిర్రర్‌లెస్‌లో అయితే సెట్టింగును బట్టి కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ నడుస్తూనే ఉంటుంది. అందుకు తగ్గట్టే బ్యాటరీ కూడా కొంత ఎక్కువ కాలుతుంది.

వీడియో తీసేవాళ్లకు ఒక మాట. కెమెరాలోని మైకు ఈ హోరును పట్టేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెద్దాయన మాటలు రికార్డు చేస్తే వెనకాల గుర్రు వినిపిస్తుంది. అది లెన్సు లోపం కాదు. బయటి మైకును మాట్లాడే మనిషికి దగ్గరగా పెట్టండి.

మెట్టు 3: గలగల విషయం తేల్చుకోండి

లెన్సును ఊపి చూడకండి. అది పరీక్ష కాదు, లోపలి గాజుకు శిక్ష. మెల్లగా ఒక పక్కకు, ఇంకో పక్కకు వంచితే చాలు.

కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు లేదా లెన్సు విడిగా ఉన్నప్పుడు చప్పుడు వచ్చి, తగిలించి ఆన్ చేయగానే ఆగిపోతే, అది స్టెబిలైజేషన్ గుంపుదో ఫోకస్ గుంపుదో అయ్యుంటుంది. లీనియర్ మోటారుతో ఫోకస్ అయ్యే లెన్సుల్లో ఫోకస్ గాజు కూడా కరెంటు లేనప్పుడు జారుతూ చప్పుడు చేస్తుంది. ఇది సహజం.

తాళం ఉన్న లెన్సుల్లో గలగలకు ఇంకో కారణం ఉంది. స్టెబిలైజేషన్ నడుస్తుండగానే కెమెరా ఆఫ్ చేసినా, లెన్సు ఊడదీసినా గాజు గుంపు తన చోటుకు చేరకముందే కరెంటు పోతుంది. తాళం పడదు. నికాన్ తన లెన్సు పుస్తకాల్లోనే ఈ సంగతి రాసింది: ఇలా చేస్తే లెన్సు గలగలమనవచ్చు, అది లోపం కాదు, మళ్లీ తగిలించి ఆన్ చేస్తే సర్దుకుంటుంది అని. పెళ్లిలో తలంబ్రాల వేళ ఆదరాబాదరాగా లెన్సులు మారుస్తాం కదా, ఎక్కువసార్లు జరిగేది అప్పుడే.

కాబట్టి ఈ వరస అలవాటు చేసుకోండి. షట్టర్ బటన్ మీది వేలు తీయండి. రెండో టక్ వినిపించేదాకా, లేదా అంకెలు ఆరేదాకా ఆగండి. కెమెరా ఆఫ్ చేయండి. ఆ తరువాతే లెన్సు తిప్పి తీయండి. కొన్ని సెకన్లకంటే ఎక్కువ పట్టదు.

ఇక కెమెరా ఆన్‌లో ఉన్నా చప్పుడు వస్తుంటే? ముందు బయటివి చూడండి. ఫిల్టరు వదులై ఉండవచ్చు, హుడ్ సరిగా పట్టి ఉండకపోవచ్చు. జూమ్ బయటకు సాగే లెన్సుల్లో సాగిన గొట్టం కొంచెం ఆడుతుంది, దాని చప్పుడూ ఇలాగే ఉంటుంది. ఇవేవీ కాకుండా లోపల గట్టి వస్తువు దొర్లుతున్నట్టు వినిపిస్తే అప్పుడు అనుమానించాలి. ఊడిన స్క్రూ కావచ్చు.

మెట్టు 4: వ్యూఫైండర్లో కనిపించే వింతలు

బటన్ సగం నొక్కగానే బొమ్మ ఒక్కసారి ఉలిక్కిపడినట్టు చిన్న గంతు వేస్తుంది. గాజు గుంపు తాళం విడిపించుకుని మధ్యకు వచ్చే క్షణం అది. తరువాత బొమ్మ నీళ్ల మీద తేలుతున్నట్టు మెల్లగా జారుతుంది. మీ చెయ్యి ఆగినా బొమ్మ ఇంకా కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఫోటో తీశాక మళ్లీ గంతు. గాజు తిరిగి మధ్యకు పోవడం వల్ల ఇలా అవుతుంది. అంచులో పెట్టిన గోపుర శిఖరం ఫోటోలో కొంచెం పక్కకు పోయిందంటే కారణం ఇదే. ఫ్రేము అంచు దాకా బిగించి తీయకుండా కాస్త చోటు వదలండి.

పుస్తకం చదివితే తెలియనిది, చేతికి అలవాటు కావాల్సింది ఒకటుంది. నొక్కగానే ఫోటో తీయకండి. సగం నొక్కి, బొమ్మ నిలిచేదాకా అర సెకను నుంచి ఒక సెకను ఆగి, ఊపిరి సగం వదిలి, అప్పుడు పూర్తిగా నొక్కండి. గంతు మధ్యలో తీసిన ఫోటో అసలు స్టెబిలైజేషన్ లేకుండా తీసినదానికంటే ఎక్కువ షేక్ కావచ్చు. "నా లెన్సులో మొదటి ఫ్రేము ఎప్పుడూ షేక్ అవుతుందన్నా, మిగతావి బాగుంటాయి" అనేవాళ్ల సమస్య తొంభై పాళ్లు ఇదే. బటన్‌ను పొడవడం మానండి. పొడిస్తే కెమెరా గుండ్రంగా మెలి తిరుగుతుంది. ఆ మెలికను లెన్సులోని గాజు సరిదిద్దలేదు. అది సెన్సరు కదిలే బాడీలకే సాధ్యం.

షట్టర్ బటన్‌తో కాక కెమెరా వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌తో ఫోకస్ చేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. చాలా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఏఎఫ్-ఆన్ బటన్ ఒక్కటే నొక్కితే వీఆర్ మేలుకోదు, షట్టర్ బటన్ సగం నొక్కాల్సిందే. పక్షుల ఫోటోలు తీసే కొత్తవాళ్లు వెనక బటన్‌కు మారిన వారంలోనే "వీఆర్ పోయింది" అని వస్తారు. అలాగే బాడీలో ఉండే చిన్న ఫ్లాష్ చార్జ్ అవుతున్నంతసేపు నికాన్‌లో వీఆర్ ఆగి ఉంటుంది. బొమ్మ ఉన్నట్టుండి ఊగడం మొదలై, ఫ్లాష్ సిద్ధం కాగానే నిలిస్తే కంగారుపడకండి.

కెమెరాను మెల్లగా పక్కకు తిప్పుతుంటే బొమ్మ బంక అంటినట్టు వెనక్కి లాగి, తరువాత ఒక్కసారి ముందుకు దూకుతుంది. మీరు కావాలని తిప్పుతున్నారో చెయ్యి వణికిందో దానికి మొదట తెలియదు. కొంతదూరం అడ్డుకుని, గాజు కదలగలిగే హద్దు రాగానే వదిలేస్తుంది. వీడియోలో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. వైడ్ లెన్సుతో నడుస్తూ తీస్తే, సెన్సరు కదిలే బాడీల్లో ఫ్రేము మూలలు జెల్లీలా ఊగుతాయి. అదీ సహజమే. నడక తగ్గించండి, లేదా కెమెరాను మోటార్లతో నిలిపి పట్టే గింబల్ వాడండి.

మెట్టు 5: అసలు పరీక్ష, ఇరవై ఫ్రేములు

ఇప్పటిదాకా విన్నాం, చూశాం. తీర్పు చెప్పేది మాత్రం ఈ మెట్టే. దీనికి ఓపిగ్గా అరగంట కేటాయించండి.

ముందు లెక్క. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం, ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీది ఎంఎం) అంకెకు తగ్గకూడదనేది పాత లెక్క. 200 ఎంఎం దగ్గర 1/200 సెకను. చిన్న సెన్సరు బాడీ అయితే ఆ 200ను ఒకటిన్నరతో గుణించాలి (కానన్‌లో 1.6తో), అంటే సుమారు 1/300. స్టెబిలైజేషన్ ఒక స్టాప్ సాయం చేస్తే వేగం సగానికి దించవచ్చు. పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేము కెమెరాలో 200 ఎంఎం దగ్గర నాలుగు స్టాపుల లెన్సు అంటే 1/100, 1/50, 1/25, చివరికి 1/13. డబ్బా మీద రాసిన స్టాపుల సంఖ్య సాధారణంగా సీపా అనే జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం పద్ధతిలో, కెమెరాను లెక్క ప్రకారం వణికించే యంత్రం మీద కొలిచినది. మన చెయ్యి ఆ యంత్రం కాదు. టీ తాగాక ఒకలా, మెట్లెక్కి ఆయాసపడుతూ ఇంకోలా వణుకుతుంది. కాబట్టి డబ్బా మీద నాలుగు ఉంటే మూడు చేతికొస్తే సంతోషించండి.

ఇప్పుడు పని. ఉదయం ఎనిమిదిలోపు మేడ ఎక్కండి, ఎండ ముదిరాక కాంక్రీటు మీంచి లేచే వేడిగాలి దూరాన ఉన్న బొమ్మను అల్లాడిస్తుంది. అది షేక్ లాగే కనిపించి తీర్పును చెడగొడుతుంది. మన ఎండాకాలంలో ఈ జాగ్రత్త తప్పనిసరి. ఎదురుగా ఓ ముప్ఫై నలభై అడుగుల్లో అక్షరాలున్నది ఏదైనా ఎంచుకోండి. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద కంపెనీ పేరు కావచ్చు, దుకాణం బోర్డు కావచ్చు. ఆకులు, జెండాలు వద్దు, గాలికి కదులుతాయి.

లెన్సును 200 ఎంఎం దగ్గర పెట్టండి. షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకునే షట్టర్ ప్రయారిటీ మోడ్‌లో 1/25 పెట్టి, ఐఎస్‌ఓను (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయిని) అందుకు తగ్గట్టు దించండి. వెలుతురు మరీ ఎక్కువైతే నీడపట్టున ఉన్న బోర్డు చూసుకోండి. గోడకు ఆనుకోకుండా, మామూలుగా నిలబడి తీసినట్టే నిలబడండి. స్టెబిలైజేషన్ ఆన్ చేసి, ప్రతిసారీ సగం నొక్కి, సెకను ఆగి, పది ఫ్రేములు తీయండి. ప్రతి ఫ్రేము తరువాత కెమెరాను కిందకు దించి మళ్లీ ఎత్తండి. వరసగా బర్స్ట్ తీస్తే అది పది పరీక్షలు కాదు, ఒకటే. తరువాత స్విచ్ ఆఫ్ చేసి అలాగే ఇంకో పది.

కంప్యూటర్లో నూటికి నూరు శాతం పెద్దది చేసి అక్షరాల అంచులు చూడండి. ఆన్‌లో తీసినవాటిలో ఏడెనిమిది బాగుండి, ఆఫ్‌లో ఒకటో రెండో బాగుంటే మీ లెన్సు ఆరోగ్యంగా ఉంది. ఎంత గలగలమన్నా ఉన్నట్టే. పదికి పదీ షార్ప్‌గా రావాలని ఆశపడకండి. స్టెబిలైజేషన్ బాగుండే ఫ్రేముల సంఖ్యను పెంచుతుంది, ప్రతి ఫ్రేముకూ పూచీ పడదు. రెండింటిలోనూ ఒకేలా చెడిపోతే ఇంకో ఉదయం 1/50 దగ్గర మళ్లీ చేయండి. అప్పుడూ తేడా లేకపోతే అనుమానం నిలబడినట్టే. ఆఫ్ చేస్తే బాగుండి, ఆన్ చేస్తే చెడిపోతుంటే అనుమానం కాదు, దాదాపు ఖాయం.

కొన్ని ఫోటోల్లో మూలలు కొంచెం మెత్తగా ఉండి, ఇంకొన్నిటిలో బాగుండటం కనిపిస్తుంది. వెనకున్న మసకలో గీతలు జంటగా కనిపించడం కూడా ఒక్కోసారి జరుగుతుంది. ఫోటో పడిన క్షణంలో గాజు గుంపు మధ్య నుంచి పక్కకు జరిగి ఉండటమే కారణం. ఫ్రేముకు ఫ్రేముకు మారుతుంటే సహజం. ప్రతి ఫ్రేములోనూ అదే పక్క, అంతే మెత్తగా ఉంటే మాత్రం కాదు.

మెట్టు 6: ఎక్కడ ఆఫ్ చేయాలి

ప్రకాశం బ్యారేజీ రాత్రి దీపాల ఫోటో విజయవాడలో కెమెరా కొన్న ప్రతివాళ్లూ తీస్తారు. 1957లో పూర్తయిన ఆ 1,223.5 మీటర్ల బ్యారేజీ, నీళ్లలో దాని దీపాల నీడలు, ఎనిమిది పది సెకన్ల ఎక్స్‌పోజర్. ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజేషన్ ఆన్‌లోనే మరిచిపోతే దీపాలు చుక్కల్లా కాక తోకలతో వస్తాయి. ట్రైపాడ్ మీద చేతి వణుకు లేదు. అయినా పాత లెన్సులు ఊరుకోవు. తమ మోటారు కదలికనే గైరో పట్టి, దాన్ని సరిదిద్దబోయి ఇంకో కదలిక పుట్టిస్తాయి. పైగా గైరో మరీ నెమ్మదైన కదలికను కచ్చితంగా కొలవలేదు కాబట్టి, సెకన్ల కొద్దీ తెరిచి ఉంచితే బొమ్మ మెల్లగా జారిపోతుంది. కొత్త లెన్సుల్లో చాలావరకు ట్రైపాడ్‌ను గుర్తుపట్టి తగ్గుతాయి. మీది ఏ రకమో పుస్తకంలో ఉంటుంది. నేను మాత్రం ట్రైపాడ్ బిగించాక మొదట స్విచ్ ఆఫ్ చేస్తాను, తరువాతే ఫ్రేము చూస్తాను.

బ్యారేజీ రోడ్డు మీదే ట్రైపాడ్ పెడితే వేరే చిక్కు. ఆటోలు, బైకులు వెళ్తుంటే ట్రైపాడ్ కాళ్లలోంచి అదురు పైకి వస్తుంది. స్టెబిలైజేషన్ ఆన్ చేస్తే సరిపోతుందా అని అడుగుతారు. ఆ సెకన్ల పొడవు ఎక్స్‌పోజర్లో సరిపోదు. ఘాటు మెట్ల మీదకు దిగండి, నేల గట్టిగా ఉంటుంది. ఒంటికాలి మోనోపాడ్ సంగతి వేరు, దాని మీద కెమెరా ఊగుతూనే ఉంటుంది కాబట్టి ఆన్‌లోనే ఉంచండి.

కదిలేదాన్ని వెంబడిస్తూ తీయడానికి, అంటే కరకట్ట మీద సైకిలు తొక్కేవాడు షార్ప్‌గా, వెనక అంతా గీతలుగా రావాలంటే, స్విచ్ రెండో మోడ్‌లో పెట్టండి. అది పక్కకు తిప్పే కదలికను వదిలేసి పైకీ కిందకీ ఊగేదాన్నే సరిదిద్దుతుంది. నికాన్‌లోని యాక్టివ్ మోడ్ దీనికి కాదు, అది కదిలే వాహనంలోనో పడవలోనో కూర్చుని తీసేటప్పుడు. భవానీ ద్వీపానికి పడవలో వెళ్తూ దాన్ని వాడి చూడండి.

ఎగిరే గూడబాతును 1/2000 దగ్గర తీస్తున్నప్పుడు స్టెబిలైజేషన్ అవసరం లేదు. వ్యూఫైండర్లో పక్షిని నిలిపి పట్టుకోవడానికి సాయపడుతుందని ఆన్‌లో ఉంచేవాళ్లున్నారు. నేను ఆఫ్ చేస్తాను, పక్షి వెంట తిప్పేటప్పుడు ఆ బంక లాగుడు నాకు నచ్చదు.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. స్టెబిలైజేషన్ మీ చేతిని నిలుపుతుంది, ఎదుటి మనిషిని నిలపదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన 1/30 దగ్గర తీస్తే వెనక తెర మడతలు కూడా లెక్కపెట్టవచ్చు, నర్తకి చేతులు మాత్రం పొగలా ఉంటాయి. తెర షార్ప్‌గా ఉండి మనిషి చెదిరిందంటే లెన్సు తన పని తాను చేసింది, షట్టర్ వేగం చాలలేదు. కనీసం 1/250కి పెంచండి, ఐఎస్‌ఓ పెరిగితే పెరగనివ్వండి. చెదిరిన ముఖం కంటే గరుకు ఫోటో ఎంతో మేలు.

మాక్రో, అంటే చిన్నవాటిని అతి దగ్గర నుంచి, తీసేవాళ్లకు స్టెబిలైజేషన్ మీద ఆశ తక్కువ ఉండాలి. దగ్గరికి వెళ్లేకొద్దీ కెమెరా వంగడం కంటే అది పక్కకు జరగడం ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆ జరుగుడును కూడా కొలిచే కానన్ 100 ఎంఎం ఎల్ మాక్రో 2009లో వచ్చింది. దానికి కూడా దూరపు వస్తువుల దగ్గర సుమారు నాలుగు స్టాపుల సాయం, వస్తువు అసలు సైజులోనే సెన్సరు మీద పడేంత దగ్గర సుమారు రెండే.

మెట్టు 7: నిజమైన జబ్బు గుర్తులు

బొమ్మ వ్యూఫైండర్లో నిలవకుండా జ్వరమొచ్చినట్టు వణుకుతూ ఉండటం, లేదా ఒక పక్కకు పోయి అక్కడే ఉండిపోవడం. స్విచ్ ఆఫ్ చేసినా గట్టిగా గీరుతున్న చప్పుడు. ఫ్రేములో ఎప్పుడూ ఒకే పక్క మెత్తదనం. జూమ్‌లో కొంతమేర బాగా పనిచేసి, ఒక చోటు దాటగానే ఆగిపోవడం. జూమ్ తిప్పిన ప్రతిసారీ మడతపడే లోపలి పట్టీ తీగ అరిగితే ఇలా అవుతుంది. కెమెరా తెర మీద ఎర్రర్ రావడం కూడా ఇందులోకే వస్తుంది.

ఎర్రర్ వస్తే దుకాణానికి వెళ్లేముందు ఒక పని చేయండి. లెన్సు వెనకున్న బంగారు రంగు చుక్కలను, బాడీలోని వాటి జతలను, పొడిగా ఉన్న మెత్తని కళ్లద్దాల గుడ్డతో తుడవండి. బాడీ వైపు తుడిచేటప్పుడు కెమెరా మూతిని కిందకు వంచి పట్టుకోండి, దుమ్ము లోపలికి పోదు. మన కృష్ణా తీరపు ఉక్క, చెమట చేతులు ఆ చుక్కల మీద పొర కట్టిస్తాయి. అది పోగానే మామూలైన లెన్సులు చాలా చూశాను. బ్యాటరీ కూడా నిండుగా చార్జ్ చేసి చూడండి, అడుగంటిన బ్యాటరీతో స్టెబిలైజేషన్ మొండికేస్తుంది.

ప్రయాణంలో కెమెరా బ్యాగును బైకు ట్యాంకు మీద పెట్టకండి, వీపుకు తగిలించుకోండి. మీ ఒళ్లు అదురును కొంత మింగుతుంది. ఇది ఫోన్లకు మరీ ముఖ్యం. ఫోన్ కెమెరాల్లోనూ ఇదే స్టెబిలైజేషన్ ఉంటుంది, ఊపితే అవీ టకటకమంటాయి. బలమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు నేరుగా తగిలితే ఐఫోన్ కెమెరా పనితనం తగ్గవచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది. హ్యాండిల్‌కు ఫోను బిగించి గుంటూరు నుంచి విజయవాడ రోజూ తిరిగేవాళ్లు అదురు తగ్గించే హోల్డరు వాడాలి.

మెట్టు 8: రిపేరుకు ఇవ్వాల్సి వస్తే

"షేక్ వస్తోంది" అని ఒక్క మాట చెప్పి ఇవ్వకండి. ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర, ఏ షట్టర్ వేగంతో, ఆన్‌లోనా ఆఫ్‌లోనా, ఎప్పటి నుంచి, కింద పడిందా లేదా, అన్నీ కాగితం మీద రాయండి. కింద పడి ఉంటే దాచకండి, దాస్తే వాళ్లు వెతకడానికి పట్టే రోజులకు మీరే డబ్బు కడతారు. ఇరవై ఫ్రేముల్లోంచి ఆన్‌వి మూడు, ఆఫ్‌వి మూడు అసలు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో నలిగిపోయి ఏమీ తెలియదు. ఫిల్టరు, హుడ్ తీసి ఇంట్లో ఉంచుకోండి. లెన్సు సీరియల్ నంబరు రసీదు మీద రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కూడా ఈ ఇరవై ఫ్రేములే. మీ సొంత బాడీ తీసుకెళ్లి, దుకాణం బయట నిలబడి, రోడ్డవతలి బోర్డు మీద తీసి, ఫోన్లోకి ఎక్కించి పెద్దది చేసి చూడండి. పావుగంట పడుతుంది. అమ్మేవాడు ఆ పావుగంట ఇవ్వనంటే డబ్బు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.